గోస్తనీకి ఎదురెక్కుతూ: భీమిలి నుంచి అనంతగిరి దాకా సైకిల్ మీద నా అనుభవం

విశాఖపట్నంలో రోడ్డు సైకిల్ కొన్న వారిలో చాలామంది బీచ్ రోడ్డు మీదే మొదలుపెట్టి, ఆ రోడ్డు దగ్గరే ఆగిపోతారు. రామకృష్ణా బీచ్ నుంచి రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి చేరే ఆ దారి అందంలో దేనికీ తీసిపోదు. అయితే తెల్లవారి కాస్త పొద్దెక్కేసరికి కార్ల వరుస మొదలవుతుంది, ఎండ నేరుగా వీపు మీద పడుతుంది, వేసవిలోనైతే భీమిలి నుంచి తిరిగి వచ్చేటప్పుడు నైరుతి గాలి ఎదురు నిలుస్తుంది. చెట్ల నీడలో, హారన్ మోత లేని చోట, నా ఊపిరి నాకు వినిపించేంత నిశ్శబ్దంలో గంటల తరబడి సాగిపోవాలన్నది నా కోరిక. అటువంటి దారిని మన చుట్టుపక్కలే వెతుక్కొని, దానికి తగినట్టు సైకిలునూ ఒంటినీ సిద్ధం చేసుకొని, చివరికి అనంతగిరి అడవుల మధ్య నుంచి ఘాటీ ఎక్కిన క్రమాన్ని, ఇదే కోరిక ఉన్న మరికొందరికి పనికి వస్తుందన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

అరకు వైపు వెళ్ళడానికి అందరూ వాడే దారి పెందుర్తి, కొత్తవలస, లక్కవరపుకోట మీదుగా శృంగవరపుకోటకు పోతుంది. దూరం తక్కువే గాని బస్సులూ, లారీలూ, పర్యాటకుల కార్లూ అన్నీ ఆ దారినే పోతాయి. కారులో వెళ్ళే వాడికి దారి అంటే గమ్యానికి పట్టే సమయం. సైకిల్ మీద వెళ్ళే వాడికి మాత్రం ప్రతి కిలోమీటరులోనూ నీడ ఎంత, ఎత్తు ఎంత, పక్క నుంచి దూసుకుపోయే బండ్లు ఎన్ని అన్నదే లెక్క. ఈ లెక్కతో పటం ముందు కూర్చున్నప్పుడు నాకు దారి చూపింది గోస్తనీ నది. ఆ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా దగ్గర సున్నపురాయిని తొలిచి గుహలు చేసి, తాటిపూడి జలాశయంలో నిలిచి, జామి, పద్మనాభం ప్రాంతాల మీదుగా పారి, చిట్టివలస దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీరు పల్లాన్నే వెతుక్కుంటుంది కాబట్టి నది వెంట ఉన్న ఊళ్ళ దారుల్లో ఎగుడుదిగుళ్ళు తక్కువ. నీరున్న చోటే ఊళ్ళు పాతవి, ఊళ్ళు పాతవైన చోట ఊరి మొదట్లో చింతలూ, మర్రులూ, రావులూ కూడా పాతవే. నది ముఖద్వారం దగ్గర మొదలుపెట్టి, అది పుట్టిన అడవి దాకా ఎదురెక్కాలన్న ఆలోచన అలా స్థిరపడింది.

అంత దూరం వెళ్ళే ముందు ఒక శీతాకాలమంతా నగరపు అంచునే అభ్యాసం చేశాను. హనుమంతవాక దగ్గర జాతీయ రహదారిని వదిలి, ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం చేరి, అక్కడి నుంచి శొంఠ్యాం వైపు పోయే రోడ్డు ఇందుకు చాలా అనువైనది. ఒక పక్క సింహాచలం కొండలు, మరొక పక్క కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉన్న ఈ అడవిని 1970లో అభయారణ్యంగా ప్రకటించారు; విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఒక మహానగరానికి ఆనుకొని చిరుతపులి తిరిగే అడవి మిగిలి ఉండటం ఎంత అరుదైన సంగతో మనలో చాలామందికి తెలియదని నాకు అనిపిస్తుంది. సైకిల్ కోసం అభయారణ్యం లోపలికి వెళ్ళవలసిన అవసరం లేదు. ఆ అంచు రోడ్డు మీద తెల్లవారుజామున వెళితే చాలు, నెమళ్ళ కూతలు వినిపిస్తాయి, కంసాలిపిట్ట కొట్టే లయబద్ధమైన చప్పుడు వినిపిస్తుంది, కొండ మలుపు తిరిగిన ప్రతిసారీ చల్లటి గాలి మోకాళ్ళకు తగులుతుంది.

అడవిని చూడటం కూడా అక్కడే నేర్చుకున్నాను. మన ప్రాంతంలో దూరం నుంచి పచ్చగా కనిపించేదంతా పాత అడవి కాదు. భీమిలి చుట్టూ సరుగుడు, జీడిమామిడి తోటలున్నాయి. మెట్టల మీద నీలగిరి వరుసలున్నాయి. అవి ఒకే వయసు చెట్లు, ఒకే ఎత్తు, కింద నేల దాదాపు బోడిగా ఉంటుంది, నీడ పలుచన. పాత అడవిలో పెద్ద మాను కింద చిన్న మాను, దాని కింద పొద, పొద మీద తీగ, నేలంతా కుళ్ళిన ఆకు. సైకిల్ మీద ఈ తేడా కంటికన్నా ముందు ఒంటికి తెలుస్తుంది. తోట పక్క నుంచి అడవి పక్కకు రాగానే గాలిలో తేమ పెరుగుతుంది, చెమట ఆరే తీరు మారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు కంబాలకొండలో ఎన్నో చెట్లు కూలిపోయాయి. ఆ కొండల మీద మోళ్ళ పక్క నుంచి తిరిగి లేచిన చిగుళ్ళు ఈనాడు మానులవుతున్నాయి. నాటిన సరుగుడు తోట అయితే మళ్ళీ నాటవలసిందే. అడవి తన వేళ్ళ నుంచి, తన గింజల నుంచి తానే లేచి వస్తుంది.

సైకిల్ సంగతికి వస్తే, ఘాటీ రోడ్డుకు అన్నిటికన్నా ముఖ్యమైనది గేర్ల అమరిక. దుకాణంలో కొన్నప్పుడు నా సైకిలుకు వెనక పెద్ద పళ్ళచక్రం 28 పళ్ళది ఉండేది. ముందు చిన్నది 34. దానితో పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటింపావు చుట్లకు కాస్త తక్కువ తిరుగుతుంది. మెకానిక్ సలహా మీద వెనక, పెద్దది 34 పళ్ళు ఉన్న క్యాసెట్టు (పళ్ళచక్రాల కట్ట) వేయించాను. ఇప్పుడు పెడలు ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టే, అంటే సుమారు రెండు మీటర్ల పైచిలుకు దూరం. నిమిషానికి 70 చుట్లు తొక్కితే గంటకు 9 కిలోమీటర్ల వేగం వస్తుంది, మోకాళ్ళ మీద భారం పడదు. మైదానంలో ఈ వేగం నత్తనడకగా తోచవచ్చు గాని, గంటల తరబడి ఎక్కవలసిన కొండకు ఇదే సరైన వేగం.

టైర్లు 28 మిల్లీమీటర్ల వెడల్పువి వేసుకున్నాను, గాలి ముందు 65, వెనక 75 పౌండ్ల చొప్పున. ఎక్కువ గాలి ఉంటే వేగం ఎక్కువన్న నమ్మకం చాలామందిలో ఉంది; నున్నటి రోడ్డు మీద అది కొంత నిజమేమో గాని, మన పల్లె రోడ్ల మీద గట్టిగా నింపిన టైరు ప్రతి రాయి మీదా ఎగిరిపడి బలాన్ని వృథా చేస్తుంది, చేతులను తిమ్మిరెక్కిస్తుంది. ఇక పంక్చర్లకు మన వైపు అసలు కారణం మేకులు కావు, తుమ్మముళ్ళు. పొలాల గట్ల మీద కంచెగా వేసిన తుమ్మకొమ్మల నుంచి ముళ్ళు రోడ్డు మీదికి వస్తాయి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో నెమ్మదిగా తడిమి, విరిగిన ముల్లు మొనను పట్టకారుతో తీయకపోతే కొత్త ట్యూబు కూడా అరగంటలో దిగిపోతుంది. రెండు ట్యూబులు, చేతి పంపు, అతుకుల సామగ్రి, పట్టకారు, చైను అతికే చిన్న లింకు: ఈ సామానంతా సీటు కింద సంచిలో పట్టేస్తుంది.

కాలం విషయంలో నా అభిప్రాయం స్థిరమైనది. కార్తికం నుంచి మాఘం దాకానే ఈ దారికి అనుకూలం. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం వార్త ఉంటే ఇంట్లోనే ఉండటం మంచిది. ఆదివారాలు, సెలవు రోజులు అరకు పర్యాటకులకు వదిలేసి, వారం మధ్యలో వెళ్ళడం మేలు.

నాతో పాటు ఈ ప్రయాణానికి వచ్చినవారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన. నేను ఆయనను మాస్టారూ అంటాను. మేము భీమిలిలో, గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, ఇంకా చీకటి ఉండగానే బయలుదేరాము. డచ్చివారి పాత సమాధుల పక్కగా, తగరపువలస దాకా దీపాల వెలుగులో తొక్కి, జాతీయ రహదారిని జాగ్రత్తగా దాటి పద్మనాభం వైపు తిరిగాము. ఆ మలుపు తిరిగిన క్షణం నుంచి ప్రయాణపు స్వభావమే మారిపోతుంది. లారీల మోత వెనకబడుతుంది, రోడ్డు సన్నబడుతుంది, తాటిచెట్ల మధ్య మంచు పొర నేలకు ఆనుకొని ఉంటుంది.

పద్మనాభంలో కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ దిగువన కుంతీమాధవస్వామి కొలువై ఉన్నారు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి ప్రాణం విడిచింది ఈ ఊళ్ళోనే. బస్సులో పోతే ఇటువంటి చోటు కిటికీలో ఒక బోర్డుగా వెళ్ళిపోతుంది. సైకిల్ మీద ఆ మైదానాన్ని నెమ్మదిగా దాటుతున్నప్పుడు కొండ ఎక్కడ, నది ఎక్కడ, సేనలు ఏ వైపు నుంచి వచ్చి ఉంటాయన్న ఆలోచన తనంతట తానే వస్తుంది. ఊరి చివర టీ దుకాణం దగ్గర ఆగితే, దుకాణం నడిపే ఆమె మా వాలకం చూసి అడిగింది: "ఏటి బావూ, ఇంత పొద్దున్నే సైకిలేసుకొని ఎక్కడికెల్తన్నారు?" అనంతగిరి అని చెప్పాను. "ఓలమ్మ! బస్సుండగా సైకిలేటి బావూ?" అంటూనే మాస్టారికి మరో రెండు ఇడ్లీలు వడ్డించి, వాటికి డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోలేదు.

ఆలమండ ప్రాంతంలో హౌరా–చెన్నై రైలు మార్గాన్ని దాటాక జామి వైపు వెళ్ళే దారులు నాకు ఈ ప్రయాణం మొత్తంలో చాలా ఇష్టమైనవి. వరి కోసిన మళ్ళు, చెరకు తోటలు, గట్ల మీద కొబ్బరి, అక్కడక్కడా మిగిలిన పెద్ద చింతచెట్లు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా గోగు పండించేవారు. చిట్టివలస జనపనార మిల్లు వంటి వాటికి ఆ నార వెళ్ళేది. ఇక్కడ సైకిల్ తొక్కేవారు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. పంటల కాలంలో రైతులు చోడి (రాగి) కంకులను, ఉలవ, నువ్వు మోపులను రోడ్డు మీద పరుస్తారు, బండ్ల చక్రాల కింద అవి నలిగి గింజ రాలుతుంది. సైకిల్ వాటి మీదుగా పోతే కాడలు గేర్లలో చుట్టుకొని, వెనక గేరు పరికరం వంగిపోయే ప్రమాదం ఉంది. దిగి, సైకిలును భుజాన వేసుకొని పక్కగా నడవడమే పద్ధతి. రోడ్డు మనదే గాని ఆ గింజ వారి ఏడాది కష్టం. అలా దిగి నడిచినప్పుడల్లా కళ్ళంలో ఉన్నవారు పలకరించారు, దారి చెప్పారు, ఒక చోట చోడి అంబలి ఇచ్చారు. ఉప్పు, ఉల్లిపాయ వేసిన ఆ అంబలి నేను కొనుక్కువెళ్ళిన తీపి బిళ్ళలన్నిటికన్నా ఎక్కువ సేపు కడుపులో నిలిచింది.

ఊరి కుక్కల గురించి కూడా చెప్పాలి. వేగం పెంచితే అవి వెంటపడతాయి; వేగం తగ్గించి, అవసరమైతే దిగి, సైకిలును మనకూ కుక్కకూ మధ్య ఉంచి నడిస్తే చాలావరకు ఆగిపోతాయి.

కాస్త దారి మళ్ళితే తాటిపూడి జలాశయం కట్ట వస్తుంది. 1960లలో గోస్తనీ మీద కట్టిన ఈ జలాశయం నుంచి విశాఖ నగరానికి తాగునీరు వస్తుంది. కొండల మధ్య నిలిచిన ఆ నీటిని చూసినప్పుడు, పైనున్న అడవికీ మన ఇంటి కుళాయికీ ఉన్న సంబంధం ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. మేము అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. ఎండ ముదిరేలోగా ఘాటీ మొదటి మలుపులకు చేరాలి. భీమిలి నుంచి శృంగవరపుకోట దాకా మేము తొక్కిన పల్లె దారి యాభై, అరవై కిలోమీటర్ల మధ్య ఉంటుంది, ఎక్కుడు దాదాపు లేదు. శృంగవరపుకోటలో పెసరట్టు, ఉప్మా తిని, సీసాలన్నీ నింపుకొని, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు ఒక సీసాలో వేరుగా పెట్టుకొని బయలుదేరాము. గంటకు ముప్పావు లీటరు చొప్పున తాగడం నా నియమం, దాహం వేసినా వేయకపోయినా.

బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. ఈ రోడ్డు ఇప్పుడు 516ఇ జాతీయ రహదారిలో భాగం. వంద మీటర్ల లోపు ఎత్తున్న మైదానం నుంచి, ముప్ఫై కిలోమీటర్లకు పైగా సాగుతూ, గాలికొండ దగ్గరకు వచ్చేసరికి వెయ్యి మీటర్లు దాటుతుంది. సగటు వాలు నూటికి మూడు, నాలుగు పాళ్ళే. అయితే సగటును నమ్మి కొండ ఎక్కకూడదు, ఎందుకంటే మధ్యలో దాదాపు సమంగా సాగే భాగాలున్నాయి కనుక మిగిలిన మలుపులు దానికి రెట్టింపు నిటారుగా ఉంటాయి. మలుపు లోపలి అంచు అన్నిటికన్నా నిటారు. వెనక బండి ఏదీ లేదని చూసుకొని కాస్త వెలుపలిగా తీసుకుంటే సులువు. మొదటి మలుపుల్లోనే నేను ఉత్సాహంతో ముందుకు పోబోతే మాస్టారు ఆపారు. "తొందరేముంది బాబూ, మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే మన వేగం. మాట తెగుతోందంటే గేరు దించు" అన్నారు. గుండె వేగాన్ని కొలిచే యంత్రం నా మణికట్టుకు ఉన్నా, ఆ రోజంతా నేను నడుచుకున్నది ఈ మాట ప్రకారమే.

టైడా దగ్గరకు వచ్చేసరికి రెండు పక్కల నుంచీ అడవి కమ్ముకుంటుంది. మద్ది, ఏగిస, పనస, మామిడి, వాటి మీద తాళ్ళలా వేలాడే అడ్డతీగలు, లోయ వైపు జీలుగు చెట్ల గెలలు. ఎగువన ఎక్కడో కొత్తవలస–కిరండూల్ మార్గంలో ఇనుప ఖనిజం రైలు సొరంగంలోకి దూరే చప్పుడు కొండలన్నిటా మోగి, మళ్ళీ ఆగిపోతుంది. ఈ కొండలు ఖోండలైటు శిలలవి. ఈ అడవుల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరే ఆ శిలకు పెట్టారు. ఆ రాయి చివికి ఏర్పడిన ఎర్రమట్టి మీద తరతరాల ఆకు కుళ్ళి నల్లటి పొర కడుతుంది. రోడ్డు కోసం తవ్విన గట్టు దగ్గర ఆగి చూస్తే ఆ రెండు పొరలూ స్పష్టంగా కనిపిస్తాయి.

నీళ్ళు తగ్గిపోతున్నాయని ఒక మలుపులో ఆగినప్పుడు, అడ్డాకులు మోసుకొస్తున్న ఒక గిరిజన రైతు ముందు ఊట ఉందని చెప్పి, చోటు చూపించడానికి మాతో కొంత దూరం నడిచి వచ్చాడు. ఆ ఊట వేసవిలో కూడా ఎండదని, పైన చెట్లు నరికి పోడు కొట్టిన చోట మాత్రం సంక్రాంతి తరువాత నీళ్ళు ఉండవని చెప్పాడు. పాత అడవి అంటే కేవలం పాత చెట్లు అన్న భావన ఎవరికైనా ఉంటే ఆ మాట వినాలి. ఆకు పొర వాన నీటిని పట్టి ఉంచుతుంది, వేళ్ళు దానిని లోపలికి దించుతాయి, నెలల తరువాత అది ఊటగా బయటికి వస్తుంది. అటువంటి ఊటలన్నీ కలిస్తేనే మేము పొద్దుటి నుంచీ ఎదురెక్కుతూ వచ్చిన గోస్తనీ. అందుకే రోడ్డు వెడల్పు చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా, ఎన్ని చెట్లు పోతాయన్న లెక్కతో పాటు ఎన్ని ఊటలు పోతాయన్న లెక్క కూడా వేయాలని నేను కోరుకుంటాను. మొక్కలు నాటి చెట్ల సంఖ్యను పూడ్చవచ్చు గాని, ఆ నేలను పూడ్చలేము.

అనంతగిరి చేరువయ్యేకొద్దీ అడవి స్వరూపం మారుతుంది. కాఫీ తోటలు మొదలవుతాయి. నిటారుగా లేచిన సిల్వర్ ఓక్ మానులు, వాటిని పట్టుకొని పైకి పాకిన మిరియపు తీగలు, కింద ఎర్రటి పళ్ళతో కాఫీ మొక్కలు. మేము వెళ్ళినప్పుడు కోత జరుగుతోంది. స్త్రీలు బుట్టలు నడుముకు కట్టుకొని పండిన పళ్ళను మాత్రమే ఏరుతున్నారు. సహజమైన చెట్లను నీడకు ఉంచుకున్న తోటల్లో పిట్టల కూతలు ఎక్కువ, సిల్వర్ ఓక్ ఒక్కటే ఉన్న తోటల్లో తక్కువ. రోడ్డు మీద నుంచే ఈ తేడా వినిపించింది. చైత్రంలో గిరిజనుల ఇటుకల పండుగ రోజుల్లో ఈ దారిన వెళ్ళేవారు చిల్లర దగ్గర పెట్టుకోవాలి. మగవారు వేటకు వెళ్తే స్త్రీలు రోడ్డుకు కర్ర అడ్డం పెట్టి వచ్చిపోయేవారిని ఆపి డబ్బులు అడుగుతారు. అది వారి ఆచారం, నవ్వుతూ ఇచ్చి ముందుకు పోవడమే మర్యాద.

గాలికొండ దగ్గర ఆగి ఎక్కిన దారిని వెనక్కి తిరిగి చూసుకున్నాము. కాళ్ళు బరువెక్కినా ఊపిరి ఎక్కడా తప్పలేదు. ఆ రాత్రి అనంతగిరిలో బస చేశాము, అదే రోజు కిందికి దిగే ఆలోచన మొదటి నుంచీ పెట్టుకోలేదు. ఎక్కేటప్పుడు అలసట తప్ప ప్రమాదం లేదు, దిగేటప్పుడే ప్రమాదం. సాయంత్రానికి పొగమంచు లోయ నుంచి లేచి మలుపులను కప్పేస్తుంది, అలసిన చేతులు బ్రేకు పట్టలేవు. మర్నాడు మంచు విడిచి, రోడ్డు తడి ఆరాకే బయలుదేరాము. బ్రేకును అదేపనిగా నొక్కి పట్టకుండా, మలుపుకు ముందే రెండు చేతులతో గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. రిమ్ముకు రాసుకునే పాతరకం బ్రేకులున్న సైకిల్ అయితే ఎక్కువసేపు నొక్కిన కొద్దీ రిమ్ము వేడెక్కి ట్యూబు పేలవచ్చు కాబట్టి, నాలుగైదు మలుపులకు ఒకసారి ఆగి చల్లారనివ్వాలి. వెనక ఎర్రదీపం పగలైనా వెలుగుతూనే ఉండాలి. బస్సు ఎదురైతే రోడ్డు వదిలి మట్టి మీదికి దిగి నిలబడాలి. ఘాటీలో పైకి వచ్చే బండికి దారి ఇవ్వడం పాత మర్యాద.

శృంగవరపుకోట చేరాక మాస్టారు పుణ్యగిరి వైపు చూపించి, వర్షాలు వెనకబట్టగానే అక్కడి ధార దాకా ఒకసారి వెళ్ళాలన్నారు. నేను జామి నుంచి తాటిపూడి జలాశయం వెనక వైపుగా కాశీపట్నం చేరే దారి సైకిలుకు ఎంతవరకు అనువుగా ఉంటుందో ఈ శీతాకాలంలో చూడాలనుకుంటున్నాను. అది కుదిరితే గోస్తనీ వెంట వెళ్ళడానికి జాతీయ రహదారిని పట్టుకోవలసిన దూరం ఇంకా తగ్గుతుంది.